ఓడకో న్యాయం, కారుకో న్యాయమా?

విశాఖ రేవు నుంచి ఓడలు యారాడ కొండ పక్కగా మెల్లగా సముద్రంలోకి వెళ్ళడం మీలో చాలామంది చూసే ఉంటారు. అంత పెద్ద ఓడ కూడా బయలుదేరేముందు ఒక పరీక్ష పాసవ్వాలని మీకు తెలుసా? బయలుదేరడానికి ముందు 12 గంటల లోపల దాని చుక్కాని యంత్రాన్ని పరీక్షించి తీరాలని అంతర్జాతీయ నియమం ఉంది. చుక్కానిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి చూస్తారు. దాన్ని కదిపే కడ్డీలనూ, కీళ్ళనూ కంటితో పరిశీలిస్తారు.

మరి మన కారో? టైర్లలో గాలి చూస్తాం, పెట్రోలు చూస్తాం, బంపరుకు నిమ్మకాయ కూడా కడతాం. స్టీరింగు మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఇది బొత్తిగా తప్పని నా అభిప్రాయం.

స్టీరింగు తిప్పితే ఆ కదలిక ఒక కడ్డీ గుండా కిందనున్న పళ్ళచక్రానికి, దాన్నుంచి పళ్ళకడ్డీకి, ఆపైన టై రాడ్లకు, చివరికి ముందు చక్రాలకు చేరుతుంది. టై రాడ్ల చివర బాల్ జాయింట్లు ఉంటాయి. మన భుజం కీలు లాగే గిన్నెలో బంతి అన్నమాట. లోపల గ్రీజు, పైన రబ్బరు తొడుగు. తొడుగు చిరిగిందా, నీరూ ఇసుకా లోపలికి చేరి గ్రీజు కాస్తా సానరాయి పని చేస్తుంది. ఉప్పుగాలీ, రేవు దుమ్మూ ఉన్న మన ఊళ్ళో దీని సంగతి వేరే చెప్పాలా! బంతి అరిగి వదులైతే, స్టీరింగు కొంత తిరిగినా చక్రం కదలదు. ఆ ఖాళీ తిరుగుడునే మెకానిక్కులు 'ప్లే' అంటారు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 98వది, ఈ ప్లే 30 డిగ్రీలు మించరాదంటుంది. నన్నడిగితే అదే ఎక్కువ. లెక్క వేయండి. 38 సెంటీమీటర్ల వ్యాసమున్న స్టీరింగు అంచు మీద 30 డిగ్రీలంటే దాదాపు 10 సెంటీమీటర్లు. చాలా కార్లలో స్టీరింగు సుమారు 15 డిగ్రీలు తిరిగితే చక్రం 1 డిగ్రీ తిరుగుతుంది. అంటే 2 డిగ్రీల మేర చక్రం మన అదుపులో లేనట్టే. బండి 2 డిగ్రీలు పక్కకు తిరిగి తిన్నగా పోయినా, 100 మీటర్లు వెళ్ళేసరికి మూడున్నర మీటర్లు తొలగిపోతుంది. జాతీయ రహదారి మీద ఒక వరుస వెడల్పు సరిగ్గా అంతే. ఆ పక్క వరుసలో గాజువాక నుంచి ఉక్కు కడ్డీల ట్రైలరు వస్తోందనుకోండి!

ఒకసారి జీపులో సింహాచలం ఘాట్ దిగుతున్నాం. రోడ్డు తిన్నగా ఉన్నచోట కూడా డ్రైవరు స్టీరింగును అటూ ఇటూ ఆడిస్తూనే ఉన్నాడు. ఏమిటయ్యా అంటే, "అలవాటైపోయింది మాస్టారూ" అన్నాడు. నాకు భయం వేసింది అందుకే. ప్లే ఒక్కరోజులో రాదు. కొద్దికొద్దిగా పెరుగుతుంటే, రోజూ నడిపేవాడి చెయ్యి తనకు తెలియకుండానే దానికి సర్దుకుంటుంది. కాబట్టి చేతిని నమ్మకూడదు, స్కేలుతో కొలవాలి.

ఈ ఆదివారం మీ నాన్నగారినో, బడి వ్యాను డ్రైవరు మావయ్యనో అడగండి. చక్రాలు తిన్నగా ఉంచి ఆయన స్టీరింగును మెల్లగా అటూ ఇటూ కదపాలి. పవర్ స్టీరింగైతే ఇంజను ఆన్‌లో ఉండాలి. మీరు బండికి ముందూ వెనకా కాకుండా పక్కన దూరంగా నిలబడి, చక్రం కదలగానే చెప్పండి. ఈలోగా స్టీరింగు అంచు ఎంత జరిగిందో ఆయన కొలుస్తారు. రెండు మూడు సెంటీమీటర్లు దాటితే మెకానిక్కుకు చూపించాల్సిందే. రబ్బరు తొడుగు చిరిగినా అంతే. టై రాడ్ ఎండ్ మార్చాక వీల్ అలైన్‌మెంటు కూడా చేయించాలి, చాలామంది అది వదిలేస్తారు.

"చిన్నపిల్లలు, మీకెందుకర్రా ఇవన్నీ?" అని ఆయన నవ్వితే, ఆ ఓడ సంగతి చెప్పండి.