విషాన్ని ‘మందు’ అని పిలవకండి

వైద్యుడు ఇచ్చేదీ మందే, తోటమాలి పిచికారీ చేసేదీ మందే! కలుపును చంపే విషానికి మన వాడుకలో ‘కలుపు మందు’ అని పేరు స్థిరపడింది. ఆ పేరే మన భయాన్ని పోగొట్టింది. పెరటి కంచెపై పసుపు దారాల వలె బంగారు తీగ అల్లుకుంటే చాలు, దుకాణం నుండి ఒక డబ్బా తెచ్చి కొట్టించడం పట్టణాలలో పరిపాటి అయింది. ఇది చెట్టుకూ మనిషికీ చేటు.

ముందు చెట్టు సంగతి చూడండి. బంగారు తీగకు ఆకులు లేవు. అల్లుకున్న తరువాత నేలలో వేరూ మిగలదు. మందార కొమ్మలోకి చూషకాలను దించి, ఆ రసంతోనే బ్రతుకుతుంది. దానిపై గ్లైఫోసేట్ చల్లితే ఆ విషం మందార ఆకులపైనా పడి మొక్క అంతటికీ ప్రాకుతుంది. దొంగను కొట్టబోయి ఇంటివానిని కొట్టినట్లే. పైగా ఆ తీగ విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి సజీవంగా ఉంటాయి. మొక్క పోతుంది, తీగ మరల వస్తుంది.

ఇక మనిషి సంగతి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. కొన్ని నియంత్రణ సంస్థలు దానితో ఏకీభవించలేదు. కాని పారాక్వాట్ విషయంలో వాదానికే తావు లేదు. ఒక్క గుక్క మింగినా ఊపిరితిత్తులు గట్టిపడి ప్రాణం పోవచ్చు, విరుగుడు లేదు. స్విట్జర్లాండ్ దానిని 1989లోనే నిషేధించింది. యూరోపియన్ యూనియన్‌లో 2007లో అనుమతి రద్దయింది. మిగిలిన విషాన్ని శీతల పానీయం సీసాలో పోసి మెట్ల క్రింద దాచేవారు, ఇంట్లో పిల్లలున్నారని మరువరాదు. ఎవరైనా మింగితే, లక్షణాలు కనిపించే దాకా ఆగక, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

‘డబ్బాపై ఆకుపచ్చ త్రికోణమే ఉన్నది కదా’ అంటారా? ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు తక్షణ విషతీవ్రతకు మెట్లు మాత్రమే. ఆకుపచ్చ చివరి మెట్టు. నిరపాయమనే ముద్ర కాదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పీల్చితే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు.

‘కూలి ఖర్చు భరించలేము’ అనేది మరొక సాకు. పూత రాకముందే, తీగ పట్టిన కొమ్మను పట్టుకు కాస్త దిగువన కత్తిరించండి. తునక మిగిలినా మరల అల్లుకుంటుంది కనుక సంచిలో మూటగట్టి పారవేయండి. ఎరువు గుంతలో వేయకండి. నేలలో వేరున్న తీగలనైతే మొదట్లో కోసి, పై భాగాన్ని చెట్టుపైనే ఎండనివ్వండి. బలవంతంగా లాగితే బెరడు ఊడుతుంది. వాన పడి నేల మెత్తబడగానే వేరును పెకలించండి. వారానికి ఒక గంట చాలు.

అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలారా! ఆవరణలో ఈ విషాలు వాడరాదని రాబోయే సమావేశంలోనే తీర్మానించండి. ఆ డబ్బాను వీపున మోసే తోటమాలికి ముఖానికి గుడ్డ తప్ప వేరే రక్షణ లేదు. మీ కంచె అందానికి అతని ఆరోగ్యాన్ని వెలగా కట్టే హక్కు మనకెవరికీ లేదు.