పేరు అమ్మకపు సరుకు కాదు

సొమ్ము పెట్టినవాడు పేరు మార్చిన తప్పేమి యని యడుగువారు గలరు. వారికి కోల్‌కతాలోని మోహన్ బగాన్ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రయే మా సమాధానము.

1889లో స్థాపితమైన ఆ క్లబ్బు 1911 జూలై 29వ తేదీన ఐ.ఎఫ్.ఏ. షీల్డు తుదిపోటీలో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు జట్టును 2–1 గోల్సుతో ఓడించినది. పదునొకండుగురిలో పదిమంది వట్టికాళ్లతో ఆడిరి. ఆ షీల్డును గెలిచిన మొదటి భారతీయ జట్టు అదియే. నాటినుండి ఆ పేరు జాతి యాత్మగౌరవమునకు గురుతైనది.

2020లో ఆ క్లబ్బు ఫుట్‌బాల్ విభాగము, 2014లో పుట్టిన ఏ.టి.కె. యను జట్టుతో విలీనమైనది. నూటికి 80 వాటాలు ఏ.టి.కె. యజమానులకు చేరినవి. 130 ఏండ్లు దాటిన పేరునకు ముందు ఆరేండ్ల పేరు వచ్చి కూర్చున్నది! అభిమానులు ఊరకుండలేదు, ఆ పేరు తొలగింపుడని ఘోషించిరి. 2023లో ఆ మూడక్షరములు పోయినవి గాని, వాటి స్థానమున 'సూపర్ జెయింట్' అను తోక వచ్చినది.

ధనము లేక క్లబ్బు నడువదనుట నిజమే. ఆటగాండ్రకు జీతము లీయవలెను. ధనమిచ్చినవారికి వాటా నిండు, లెక్క చూపుడు, సన్మానము చేయుడు. పేరు మాత్రము వారిది కాదు. వట్టికాళ్లతో ఆడినవారిది, తరతరములుగా ఆ జట్టును తమదని నమ్మినవారిది.

పరరాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ సంగతి వేరుగ చెప్పవలెనా? కొన్ని యిండ్లలో భాష సన్నగిల్లినను ఇంటిపేరు నిలిచియున్నది. ఎవరో సొమ్మిచ్చిరని దానిని మార్చుకొందుమా? మన సంఘములకును ఇదియే న్యాయము. దాతల పేర్లను శిలాఫలకముపై చెక్కింపుడు. సంఘము పేరును మాత్రము కదలింపకుడు.