పాత కారుకు కొత్త ఆల్టర్నేటర్

మరమగ్గాల పని వెతుక్కొని వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన నగరం సూరత్. అక్కడి నవాగామ్ వంటి పేటలో, వానాకాలపు సాయంత్రం రద్దీలో చిక్కుకున్న పాత అంబాసిడర్‌ను ఊహించండి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైట్లు మసకబారుతాయి, వైపర్లు బద్ధకిస్తాయి, డాష్‌బోర్డు మీది ఎర్రదీపం మిణుకుమంటుంది. యజమాని బ్యాటరీని తిట్టుకుంటాడు. తప్పు చాలావరకు దానిది కాదు, డైనమోది. బ్రిటిష్ వంశపు కార్లలో విరివిగా వాడిన లూకాస్ సి-40 డైనమో మంచి వేగంలో ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు; బండి నిలిచి ఉన్నప్పుడు దాదాపు శూన్యం. 1960లో క్రైస్లర్ సంస్థ వాలియంట్ కారుతో వాడుకలోకి తెచ్చిన ఆల్టర్నేటర్ తీర్చింది ఈ లోటునే.

ఎంతటిది కావాలి? పెద్దదే మేలని చెప్పే మెకానిక్కులకు కొదవ లేదు. లెక్క వేరుగా చెబుతుంది. 12 వోల్టుల కారులో 60 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిసి తీసుకునేది 10 ఆంపియర్లు. ఇగ్నిషన్, వైపర్లు, చిన్న దీపాలు కలిపితే ఇంచుమించు మరో పది. ఏసీ లేని కారుకు 35 నుంచి 45 ఆంపియర్లది ధారాళంగా సరిపోతుంది.

అంతకు మించినదాన్ని బిగించడంలో అపాయమూ ఉన్నది. ఆల్టర్నేటర్ కరెంటును బలవంతంగా తోయదు, అడిగినంతే ఇస్తుంది. కాని పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ అడిగేది ఎక్కువ. ఆ ప్రవాహమంతా డైనమో కాలపు సన్నని తీగల గుండా, 30 ఆంపియర్ల ఆమ్మీటరు గుండా పోవలసి వస్తే తీగ వేడెక్కి, తొడుగు కరిగి, కారుకే నిప్పంటుకోవచ్చు. కనుక ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి లావుపాటి రాగి తీగను, తగిన ఫ్యూజుతో, విడిగా వేయించాలి. బేరమాడవలసిన చోటు ఇది కాదు.

మరికొన్ని చూడవలసి ఉంటుంది. 1960ల నాటి కొన్ని కార్లలో బ్యాటరీ ధనధ్రువం బాడీకి కలిపి ఉంటుంది. నేటి ఆల్టర్నేటర్లకు ఋణధ్రువం కలపాలి. ఇది గమనించకపోతే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. రెగ్యులేటర్ లోపలే ఉన్న రకమైతే పాత రెగ్యులేటర్ పెట్టెతో పని లేదు. ఎర్రదీపపు బల్బును మాత్రం తీయరాదు. చాలా ఆల్టర్నేటర్లకు తొలి అయస్కాంత శక్తి అందేది దాని ద్వారానే. బెల్టు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నవో లేవో కంటితో చూసి ఊరుకోక, వాటి మీద బద్ద ఆనించి సరిచూడాలి.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు కోరే వాహనం యాభై ఏండ్లు దాటి, తన అసలు రూపంలో ఉండాలి. అందుచేత విప్పిన డైనమోను, దాని బ్రాకెట్టును, రెగ్యులేటర్ పెట్టెను పాత ఇనుము దుకాణానికి వేయక, తడి తగలకుండా గుడ్డలో చుట్టి దాచుకోవడం మంచిది.