తాళం వేసిన గది

గత వేసవి సెలవులలో కళాశాల స్టాకు సరిచూచే పని మాపై పడినది. మెట్ల క్రింది గది తాళం తీయించి చూడగా పదకొండు కంప్యూటర్లు, ఒక ఉర్దూ టైపు మిషను, ఒకనాటి వృత్తివిద్యా తరగతికై కొన్న నాలుగు కుట్టు మిషన్లు దుమ్ము కప్పుకొని ఉన్నవి. రిజిస్టరులో అన్నింటి ఎదుటా ఒకే మాట వ్రాసి ఉన్నది: పాతవి.

నష్టమంతా ఈ ఒక్క మాటతోనే మొదలవుతున్నదని మా అభిప్రాయం. కేంద్ర ప్రభుత్వం వారి 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి వస్తువులను వదిలించుకొనే విషయంలో మూడు మాటలు వాడినది: అవసరానికి మించినది, కాలం చెల్లినది, పనికిరానిది. మనము ఈ మూడింటినీ ఒకే గదిలో వేసి తాళం బిగిస్తున్నాము. నేడు మనకు అక్కర లేని వస్తువు మరొకరి ఇంట నాలుగు రూకలు తేగలదు. అయిదేండ్లు ఆ గదిలో ఉన్న పిమ్మట తీగలు ఎలుకల పాలై, ఇనుము తుప్పుపట్టి, అది నిజముగానే ఎవరికీ కొరగాకుండా పోతున్నది. అప్పుడు గాని మనకు తీర్మానం చేయ బుద్ధి పుట్టదు.

కుట్టు మిషన్ల సంగతే చెప్పుతాము. మూడేండ్ల క్రితం మన వరండాలు ఊడ్చే ఒక తల్లి మమ్మల్ని అడిగినది: "సార్, ఆ మిషన్లు ఉత్తగనే పడి ఉన్నయి గద, ఒకటి మా బిడ్డకు ఇప్పియ్యరాదు?" కనుక్కొని చెప్పుతామన్నాము. కార్యాలయంలో తీర్మానం కావాలన్నారు. కమిటీ సమావేశం రెండుసార్లు వాయిదా పడినది; జరిగిననాడు ఎజెండాలో ఆ అంశము లేదు. మేమును మరల కదిలించలేదు. తప్పులో మా వాటా మేము ఒప్పుకొనవలసినదే. ఈ వేసవిలో మెకానిక్కును పిలిపించి చూపగా, ఒక మిషను పూర్తిగా బిగుసుకొని పోయినదనీ, తక్కిన మూడింటికి బెల్టులు, నూనె చాలుననీ అన్నాడు.

కమిటీ పెద్దల సంకోచం మేమెరుగనిది కాదు. ఈ వస్తువులలో పెక్కు దాతల సొమ్ముతో కొన్నవి. మన వాళ్ళు అమానత్ అనే మాట ఊరకే వాడరు. రేపు ఆడిటరు ఫలానా మిషను ఏదీ అని అడిగితే చూపవలె గదా. అయితే ఆయనకు చూపవలసినది రసీదా, తుప్పా అన్నదే మా ప్రశ్న.

కంప్యూటర్ల కథ వేరు. ఇందులో ఏడు ఇప్పటికీ వెలుగుతున్నవి. విండోస్ 10కు కంపెనీ వారి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 వీటిలో ఎక్కదు. యంత్రం చెడక మునుపే దాని కాలం చెల్లినట్లయినది. ఉచితంగా లభించే లినక్సు వేసి, పాత హార్డుడిస్కు తీసి ఎస్‌ఎస్‌డి అమర్చితే టైపు నేర్చుకొనే పిల్లలకు ఇంకా కొన్నేండ్లు పనిచేయగలవు. ఇచ్చే ముందు పాత డిస్కులలోని మార్కుల జాబితాలు, ఆధార్ ప్రతులు పూర్తిగా చెరిపివేయుట మాత్రం మరువరాదు.

ఇచ్చుటలోనూ ఒక మర్యాద కలదు. మునుపొక సంస్థ వారు మనకు డజను కంప్యూటర్లు బహూకరించి, ఫోటో తీయించుకొని వెళ్ళినారు. విప్పి చూస్తే మూడే పనిచేసినవి; కొన్నింటికి కీబోర్డులైనా లేవు. తమ చెత్తను మన గడపలో దింపి దానమనిపించుకొన్నారు. మనము అట్టి పని చేయరాదు. బాగుచేయించిన పిమ్మటనే ఇవ్వవలె.

ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడగా, సక్రమంగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమే. పాత మానిటర్ల గాజులో సీసము ఉన్నది. రాగి కోసం తీగలు కాల్చితే ఆ విషపు పొగ పీల్చేది కాల్చేవాడే. ఇందుకు కబాడీ వారిని నిందించుట మా ఉద్దేశం కాదు. హైదరాబాదు జుమ్మేరాత్ బజారుకు వెళ్ళి చూడండి. మనము పారవేసిన వస్తువుకు మరో యజమానిని వెదకే విద్య మన స్టాకు కమిటీల కంటె వారికే బాగా తెలుసును.

మేము కోరేది పెద్దదేమీ కాదు. ఏటా మార్చి నెలలో గది తెరచి, వాడని వస్తువుల జాబితా ఉర్దూలోనూ తెలుగులోనూ నోటీసు బోర్డుపై నెలరోజులు ఉంచవలె. ముందుగా మన చిన్న ఉద్యోగులకు, విద్యార్థులకు, ఆ తరువాత ఇరుగుపొరుగు బడులకు రసీదుపై ఇవ్వవలె. నిజముగా చచ్చిన యంత్రాన్ని నమోదైన రీసైక్లింగు సంస్థకే అప్పగించవలె. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఇ-వ్యర్థాల నియమాలు పెద్ద సంస్థలకు దీనిని విధిగా చేసినవి. ఏడాదికి వెయ్యి పరికరాలు వాడని మన కళాశాల ఆ లెక్కలోకి రాదు గాని, రానంత మాత్రాన మానవలసిన పని లేదు. ఉర్దూ టైపు మిషను ఒక్కటి ఎవరికీ ఇవ్వరాదు. గోద్రెజ్ వారే 2009లో టైపు మిషన్ల తయారీ ఆపినారు. దానిని ఉర్దూ శాఖ అద్దాల బీరువాలో ఉంచితే పిల్లలు చూస్తారు.

మూడు బెల్టులు, ఒక నూనె డబ్బా మేమే కొని స్టాఫు గదిలో ఉంచినాము. గది తాళపుచెవి మాత్రం కార్యాలయంలో ఉన్నది.