సేమియా మిషను దగ్గర మనం

షాబాన్ నెల సగం దాటిందంటే మన ఇళ్ళలో అటక మీది సేమియా మిషను కిందికి దిగేది. ప్యాకెట్ సేమియా ప్రతి కొట్టులో దొరికే ఈ రోజుల్లోనూ కొన్ని ఇళ్ళలో ఇంకా దిగుతోంది. దాన్ని బల్లకు బిగించి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరితే, ఎవరి స్వభావమైనా దాచుకోవడం కష్టమే!

పిండి కలిపేది అమ్మీ. ముద్ద మెత్తనైతే పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, గట్టిదైతే హ్యాండిల్ తిరగదు. ఎవరెంత తొందరపెట్టినా ఆమె తడిగుడ్డ కప్పి ముద్దను నాననిస్తుంది. హ్యాండిల్ తిప్పడానికి పెద్దకొడుకు ముందుకొస్తాడు. బలం చూపించుకునే పని కదా! పది నిమిషాలకే అలసి లేచిపోయేదీ అతడే. కింద చేతులు చాచి పోగులు అందుకునే ఆడపిల్లది నోరు మెదపని ఓర్పు. దండెం మీద ఆరవేస్తుంటే దాదీ వెనక నిలబడి ఒక్కొక్కటీ సరిచేస్తుంది. ఇక అబ్బాజాన్ పేపరు చదువుతూ "ఇంకా ఎంతసేపు?" అంటారు.

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే వెళ్ళేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్న ఈ హదీసు మిషను బయటికి తీసిన రోజున మాత్రం మనకు గుర్తురాదు.

అయితే నా ఫిర్యాదు తండ్రుల మీద కాదు. స్వభావం కాస్త కనబడగానే మనం వేసే ముద్ర మీద. ఓర్పు గల పిల్ల అని పేరు పెట్టామంటే ఏటేటా ఆమెకు ఆ కింది పనే. ఒక్కసారి తానూ హ్యాండిల్ తిప్పాలని ఆమెకు ఉందేమో, అడిగినవారెవరు?

1993లో, పండుగ మార్చిలో వచ్చిన ఏడు, మా తమ్ముడికి ఎనిమిదేళ్ళు. వాడు ఆరవేసిన పోగులన్నీ తెగి నేలపాలయ్యాయి. "వీడి చేతికి ఏదిచ్చినా ఇంతే" అన్నారొకరు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మరుసటి ఏడు ఎంత పిలిచినా వాడు గల్లీలోంచి రాలేదు. నెలలు చుట్టు తిరిగి 2025లో పండుగ మళ్ళీ మార్చిలోనే, 31న వచ్చింది. వాడిప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. ఏ పని చెప్పినా "నా చేతికివ్వకండి బాజీ" అంటాడు. నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వు మేము నేర్పిందే.

ఇంతకూ ఆ పోగుల పొడవుకు ఎందుకంత పట్టింపో నాకు నేటికీ అర్థం కాదు. పండుగనాడు షీర్ ఖుర్మా కోసం నేతిలో వేయించే ముందు అమ్మీ వాటన్నిటినీ చేత్తో విరిచే వేస్తుంది.