ఉచితముగా వచ్చు పెట్టె

ఇంట నున్న డెస్క్‌టాపు కంప్యూటరును మొత్తముగా మార్చు స్తోమతు లేక, గ్రాఫిక్సు కార్డు నొక్కదానిని క్రొత్తది వేయించి మఱి నాలుగైదేండ్లు గడుపుకొన జూచు గృహస్థులు నేడు మనలో ననేకులు. కుమారునకు ఆటల పిచ్చి. కుమార్తెకు కళాశాలలో చెప్పు త్రిమితీయ చిత్రరచనయో, కృత్రిమమేధాభ్యాసమో. ఇరువురికిని పాత కార్డు చాలదు. ఈ కోరికను మేము తప్పు పట్టము. పని చేయుచున్న యంత్రమును పాఱవేయక అందొక భాగమును మార్చుకొనుట మితవ్యయమే. కాని ఈ మార్పు జరుగుచున్న తీరులో నొక పెద్ద లోపము గలదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో నైనను, చెన్నై రిచీ వీధిలో నైనను, కొనువాడు కార్డు కొఱకు పది యంగళ్లు తిరిగి, పదుగురి నడిగి, వేలకు వేలు లెక్కించి యిచ్చును. పవర్ సప్లై మాట వచ్చునప్పటికి, "కేబినెట్టుతో వచ్చిన ఎస్.ఎం.పి.ఎస్. ఉన్నది గదా" యని యూరకుండును. అమ్మువాడును ఊరకుండును. మాట పెంచిన బేరము చెడునేమో యని యతని భయము.

ఆ యుచితపు పెట్టె యెట్టిదో విచారింతము. గోడ నుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులకు దించి లోపలి భాగములకు పంచుట దాని పని. 1995లో ఇంటెల్ కంపెనీ ఏ.టి.ఎక్స్. ప్రమాణమును వెలువరించిన నాళ్లలో చిన్న వోల్టుల మీదనే బరువెక్కువ. నేడట్లు గాదు. ప్రాసెసరు, గ్రాఫిక్సు కార్డు రెండును 12 వోల్టుల శాఖనే ఆశ్రయించి బ్రతుకుచున్నవి. ఐనను చౌక పెట్టెల మీద పెద్దయక్షరములతో అచ్చు వేయు సంఖ్య అన్ని శాఖలను గలిపిన మొత్తము. 450 వాట్లని పైన వ్రాసియుండును. క్రింద చిన్నయక్షరముల పట్టికలో 12 వోల్టుల కెదురుగా 18 ఆంపియర్లని యుండును. పదునెనిమిదిని పండ్రెండుతో హెచ్చవేసిన 216. కొనువానికి నిజముగా నక్కఱకు వచ్చునవి ఆ 216 వాట్లే. 2021లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు ఒక్కటియే 170 వాట్లు కోరును. ప్రాసెసరునకు, పంకాలకు, డిస్కులకు మిగిలినవి 46! కొన్ని పెట్టెల మీద ఆ పట్టికయు నుండదు. అట్టిదానిని కొనుట ముద్ర లేని పడికట్టు రాళ్లతో బంగారము తూయించుకొనుట వంటిది.

శక్తి చాలనప్పుడు యంత్రము ఆ మాట చెప్పదు. ఆట నడుమ చటుక్కున ఆఱిపోవును. లేదా తనంత తానే మఱల మొదలగును. వెంటనే నింద కార్డుపై పడును. విండోసు తీసి మఱల వేయుదురు, డ్రైవర్లు మార్తురు, తుదకు కార్డును అంగడికి త్రిప్పి పంపుదురు. అక్కడ మంచి పవర్ సప్లైపై పరీక్షించి దోషము లేదని మఱల ఇంటికి పంపుదురు. ఈ రాకపోకలతో నెల గడచును. సగటు వాడుక ఎంత యున్నను, కనుఱెప్ప పాటు కంటెను తక్కువ కాలము దానికి మిక్కిలి హెచ్చుగా లాగుట పెద్ద కార్డుల స్వభావము. కావుననే 2022లో వచ్చిన ఏ.టి.ఎక్స్. 3.0 ప్రమాణము, అట్టి కార్డుల కుద్దేశించిన పవర్ సప్లై తన సామర్థ్యమునకు రెట్టింపు భారమును 100 మైక్రోసెకండ్ల పాటు తట్టుకొనవలెనని విధించినది.

తీగల సంగతి యింతకంటె భయంకరము. మదర్‌బోర్డు మీది గాడి కార్డునకు 75 వాట్ల వఱకే ఇయ్యగలదు. ఆపైన కావలసినది పవర్ సప్లై నుండి వేఱు తీగతో రావలెను. ఆఱు పిన్నుల తీగకు 75, ఎనిమిది పిన్నుల తీగకు 150 వాట్లు పరిమితి. పాత పెట్టెలో అట్టి తీగ లేనిచో, అమ్మువాడు హార్డుడిస్కు తీగను ఎనిమిది పిన్నులుగా మార్చు తునక నొకదానిని బల్లసొరుగు నుండి తీసి యిచ్చును. ఆ సాటా తీగ 12 వోల్టుల మీద మోయదగినది 54 వాట్లు మాత్రమే. దాని కొనకు 150 వాట్ల మూతి తగిలించుట యెడ్లబండి యిరుసుపై లారీ బరువు మోపుటయే. ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చు వఱకు ఇంటివారికి తెలియదు.

మఱియొకటి. తీగలను విడదీయుటకు వీలగు పవర్ సప్లైలలో, కార్డువైపు కొన అన్నింటికి నొకటే గాని, పెట్టెవైపు కొనకు ఉమ్మడి ప్రమాణము లేదు. పెట్టె మార్చునప్పుడు శ్రమ తప్పించుకొనుటకై పాత తీగలనే క్రొత్త పెట్టెకు తగిలించువారు గలరు. అవి చక్కగా దూఱును. 5 వోల్టులు పోవలసిన చోటికి 12 పోయి, హార్డుడిస్కును, అందు దాచుకొన్న పెండ్లి ఛాయాచిత్రములును ఒక్క నిమేషమున నశింపవచ్చును. పెట్టెతో పాటు తీగలన్నియు మార్పవలెను; ఇందు మినహాయింపు లేదు.

ధనవంతుల కార్డులకు ఈ బాధ లేదనుకొనరాదు. 2022 అక్టోబరులో విడుదలయైన ఆర్.టి.ఎక్స్. 4090 కార్డు 450 వాట్లది. దాని పదునాఱు పిన్నుల మూతులు కొన్ని కరగిపోయినట్లు ఆ నెలలోనే వార్తలు వచ్చెను. మూతి పూర్తిగా లోనికి నొక్కబడకపోవుటయే ప్రధానకారణమని ఎన్విడియా చెప్పెను. 2023లో మూతి రూపము సవరింపబడెను. ఆ మూతికి విధించిన 600 వాట్ల పరిమితి యనగా 50 ఆంపియర్లు, అదియు ఆఱు సన్నని తీగలలో. వాడువాని వ్రేలి బలముపై భద్రతను ఆధారపఱచిన రూపకల్పనను నిర్దోషమని మేము తీర్పు చెప్పజాలము.

"మధ్యతరగతి వారము, రెండింటికిని డబ్బెక్కడిది?" అని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మా యుత్తరము: ముందు పవర్ సప్లై, మిగిలినదానితో కార్డు. కార్డు నాలుగేండ్లలో పాతబడును. మంచి పెట్టెకు ఏడేండ్లు, పదేండ్లు హామీ యిచ్చు కంపెనీలు గలవు. అది రెండు కార్డుల కాలము గడిపి మూడవదానికిని పనికివచ్చును. పెట్టె మార్చు శక్తియే లేనివారికి 2024లో వచ్చిన 70 వాట్ల ఆర్.టి.ఎక్స్. 3050, ఆఱు గిగాబైట్లది, వేఱు తీగ లేకయే పని చేయును. ఇక "ఎయిటీ ప్లస్" ముద్రను జూచి మురియువారికి ఒక్క మాట: విద్యుత్తులో ఎంత భాగము వేడిగా వృథా యగునో ఆ ముద్ర తెలుపును గాని, లోపలి రక్షణ యేర్పాట్ల సంగతి తెలుపదు. స్వర్ణముద్ర గలదియు గోడలో ఎర్తు లేని యింట కేబినెట్టు తాకినవానికి చుఱుక్కుమనిపించును. మూడవ పిన్ను అలంకారమునకు పెట్టినది కాదు.

కార్యాలయములు వాడి విడిచిన యంత్రములు నేడు విద్యార్థులకు చౌకగా దొరకుచున్నవి. డెల్, హెచ్.పి. కంపెనీల కార్యాలయయంత్రములు పెక్కింటిలో పవర్ సప్లై ఆకారమును, మదర్‌బోర్డు మూతియు ఆయా కంపెనీకే ప్రత్యేకములు. బజారులోని పెట్టె అందు పట్టదు. విద్యుత్తు ఆదా కొఱకని చెప్పుదురు. అందు కొంత సత్యము గలదు. కాని యెవరి పెట్టెయైనను ఎవరి యంత్రములోనైనను ఇముడవలెనన్న ప్రమాణమే డెస్క్‌టాపును సామాన్యుని చేతికి లోబడిన వస్తువుగా నిలిపినది. కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలును తెఱచినది. అంతటితో నాగక, ప్రమాణమును విడిచిన కంపెనీ ఆ సంగతిని యంత్రముపైననే ప్రకటింపవలెనని శాసింపవలెను.

ఇక నున్న చట్టము మాట. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై నుండి అమలులో నున్నది. లోపము గల వస్తువు వలన ఇతరమైన ఆస్తికి నష్టము కలిగిన, తయారీదారు బాధ్యుడని అది చెప్పుచున్నది. తయారీదారెవరో తెలియనప్పుడు అమ్మినవాడే బాధ్యుడు. ఊరు పేరు లేని పెట్టెల నమ్మువారు ఈ మాటను రెండుమాఱులు చదువుకొందురు గాక. బిల్లు ఇయ్యకుండుట అక్రమ వ్యాపారపద్ధతి. కొనినవాడు తాను నివసించు జిల్లాలోని కమిషను నెదుటనే రెండేండ్ల లోపున ఫిర్యాదు చేయవచ్చును. వస్తువు వెల ఐదు లక్షలు మించనిచో రుసుము లేదు. న్యాయవాది లేకయే వాదించుకొనవచ్చును. ఈ మాట బయటపెట్టినందులకు మా వృత్తివారు క్షమింతురు గాక. ఐతే బిల్లులో కార్డు పేరుతో పాటు పవర్ సప్లై కంపెనీ, నమూనా, క్రమసంఖ్య, వెల విడిగా వ్రాయించుకొనవలెను. "కేబినెట్టుతో ఎస్.ఎం.పి.ఎస్. ఉచితము" అని వ్రాసిన కాగితముతో వచ్చినచో, "వెల పుచ్చుకొనని వస్తువునకు నే నుత్తరవాదిని గాను" అని ప్రతివాది మొదటి వాయిదానాడే అందుకొనును.