మన హాస్టలుకు పాత గిటారా, కొత్త గిటారా?



పోయిన ఏడాది వార్షికోత్సవంలో మన తమ్ముళ్ళు పాడుతుంటే మేము వెనక వరుసలో కూర్చుని విన్నాం. డప్పు ఉంది, తబలా ఉంది, అరువు తెచ్చిన కీబోర్డు ఉంది. గొంతులూ బాగున్నాయి. అయినా పాట గాలిలో తేలిపోతున్నట్టు అనిపించింది. కింద ఆనిక లేదు. ఆ ఆనిక ఇచ్చేది బేస్ గిటారు. ఇళయరాజా పాటలు వినేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పైన గొంతు పాడుతుంటే, కింద నాలుగు లావుపాటి తీగల మీద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. ఉన్నంతసేపు దాన్ని ఎవరూ పట్టించుకోరు. తీసేస్తే అందరికీ తెలుస్తుంది.

ఆ రాత్రే చందా మొదలుపెట్టాం. ఉద్యోగాలు వచ్చినవాళ్ళు వెయ్యి ఇచ్చారు. ఇంకా పీజీలో ఉన్న మాలాంటివాళ్ళం వంద వేశాం. మొత్తం 22,000 రూపాయలు పోగైంది. అక్కడి నుంచే వాదన మొదలైంది. విజయనగరంలో ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్ళు వాయించి మానేసిన ఒకాయన దగ్గర పాత విదేశీ బేస్ గిటారు ఉంది. 18,000కు ఇస్తామన్నారు. విశాఖపట్నంలో అడిగితే కొత్తది 13,000 అన్నారు. "పాతదాని నాదమే వేరు" అని కొందరు, "కొత్తదే కొనాలి" అని కొందరు. మా అభిప్రాయం ఈ పేజీలో చెప్పమన్నారు. చెబుతున్నాం.

ముందుగా పాతదాని పక్షాన ఉన్న న్యాయం ఒప్పుకోవాలి. అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో 'ప్రెసిషన్ బేస్' అనే గిటారును మార్కెట్లోకి తెచ్చాడు. అంతకుముందు ఆ కింది స్వరం కావాలంటే నిలువెత్తు వాయిద్యాన్ని మోసుకెళ్ళాల్సి వచ్చేది. ఆయన దాన్ని భుజానికి తగిలించుకునేలా చేశాడు. స్వరం తప్పకుండా మెట్లు పెట్టాడు. ఆ కచ్చితత్వం వల్లే దానికా పేరు. 1965లో ఆయన కంపెనీ చేతులు మారింది. అంతకుముందు తయారైనవాటిని ఈరోజు లక్షల రూపాయలు పోసి కొంటున్నారు. అంటే పాతదానికి విలువ ఉన్నమాట నిజమే. కాని ఆ విలువలో నాదం వాటా ఎంత, పేరు వాటా ఎంత?

మన విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాలు. అక్కడ ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నేర్పిన వయొలిన్ కూడా ఒకప్పుడు పరాయి వాయిద్యమే. పాత వాయిద్యం గొప్పదన్న నమ్మకం వయొలిన్ విషయంలో మరీ ఎక్కువ. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ విద్వాంసులకు ఒక పరీక్ష పెట్టారు. కళ్ళకు నల్లటి అద్దాలు పెట్టి ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి, మూడు వందల ఏళ్ళనాటి పేరున్నవి. చాలామంది ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకోలేకపోయారు. ఎక్కువమంది మెచ్చింది ఒక కొత్తదాన్ని. అందరికంటే తక్కువ మెచ్చింది పాతవాటిలో ఒకదాన్ని. చెక్క పెట్టె నుంచే నాదం పుట్టే వయొలిన్ సంగతే ఇలా ఉంటే, తీగ కదలికను అయస్కాంతం పట్టి యాంప్లిఫయరుకు పంపే ఎలక్ట్రిక్ గిటారులో వయసును చూసి డబ్బు పోయడం ఎంతవరకు సబబు?

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం. మా అయ్యలు డప్పు కొట్టినవాళ్ళు. డప్పు పాతబడితే ఏం చేస్తారు? కర్ర చట్రం గట్టిగా ఉంటే ఉంచుకుంటారు, తోలు పోతే మారుస్తారు. పాతది కాబట్టి గొప్పదని ఎవరూ అనరు. ఈ గొడవ చెబితే మాలో ఒకరి అయ్య నవ్వి, "పాతదైతే ఏటి, కొత్తదైతే ఏటి, మోగాల గాని" అన్నాడు. ఇంతకంటే మంచి తీర్పు మేము చదివిన పుస్తకాల్లో దొరకలేదు.

ఆ తీర్పుతోనే లెక్క చూద్దాం. బేస్ గిటారు ఒక్కటే కొంటే మోగదు. యాంప్లిఫయరు ఉండాలి. పాతదానికి 18,000 పోతే చేతిలో 4,000 మిగులుతుంది. దానితో పనికొచ్చే యాంప్లిఫయరు రాదు. కొత్తది 13,000, చిన్న యాంప్లిఫయరు 7,000. ఇంకా 2,000 మిగులుతుంది. తీగలకు, వైరుకు, పట్టీకి సరిపోతుంది.

రెండో సంగతి మన గాలి. భోగాపురం సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి తీగ తుప్పు పడుతుంది, స్క్రూ పడుతుంది, తేమకు మెడ కర్ర వంగుతుంది. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చిన్న తాళంతో దాన్ని బిగించి వంపు సరిచేస్తారు. పాతవాటిలో ఆ కడ్డీ ఒక్కోసారి తిరగదు. మెట్లు అరిగి ఉంటాయి. గుండీ తిప్పితే గరగరమంటుంది. చేయి తిరిగినవాడు ఇవన్నీ చూసి కొంటాడు, బాగుచేయించుకుంటాడు. అలాంటివాడికి పాతదే లాభం, ఎందుకంటే అదే ధరకు కొత్తదానికంటే మేలైన సరుకు దొరకవచ్చు. మన హాస్టల్లో అలా చూడగలిగినవాడు ఇంకా తయారు కాలేదు. ముప్పై మంది చేతులు మారే వాయిద్యానికి గ్యారంటీ, దొరికే విడిభాగాలు కావాలి.

మూడో సంగతి చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. మేము మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ సీనియర్ల పుస్తకాలు చదివాం, సీనియర్ల ట్రంకు పెట్టెలు వాడాం. పుస్తకం మొదటి పేజీలో మాకంటే ముందు నలుగురి పేర్లు కొట్టేసి ఉండేవి. అందులో తప్పేమీ లేదు, ఆ పుస్తకాలతోనే పాసయ్యాం. కాని "హాస్టలు పిల్లలకు పాతది చాలు" అనే మాట ఎవరో ఒకరు అనడం, మనం తలూపడం అలవాటైపోయింది. ఈసారి పాతదాన్ని "అపురూపం" అన్నారు. పేరు మారినా అలవాటు అదేనేమో ఆలోచించండి. ఒక్కసారైనా మన తమ్ముళ్ళు అట్టపెట్టె తామే విప్పాలని మాకు ఆశ. ఇది ఆశే, వాదన కాదు. పై రెండు కారణాలు లేకపోతే దీనికోసం పట్టుబట్టేవాళ్ళం కాదు.

అలాగని ఆ ఆర్కెస్ట్రా పెద్దాయన్ని వదులుకోవద్దు. ఆయన దగ్గర మనం కొనాల్సింది గిటారు కాదు, ఆయన చేతిలోని విద్య. నెలకు రెండు ఆదివారాలు హాస్టలుకు రమ్మని అడుగుదాం. ఆయన దారి ఖర్చులకు, గౌరవానికి పూర్వ విద్యార్థులం తలా యాభై వేసుకుందాం. కొనేరోజు ఆయన్నే వెంటబెట్టుకుని విశాఖ వెళ్దాం. మెడ తిన్నగా ఉందో లేదో ఆయన కన్ను చెబుతుంది. ప్రతి తీగనూ విడిగా మీటి, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. పలకకపోతే కొత్తదైనా వద్దు.

వార్డెను గారికి, తమ్ముళ్ళకు ఒక్క మనవి. కొత్తది కదా పాడైపోతుందని బీరువాలో పెట్టి తాళం వేయకండి. వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడవండి, ఎండలో ఉంచకండి, అంతే. వచ్చే వార్షికోత్సవం నాటికి దాని మీద నాలుగు గీతలు పడి ఉండాలి. గీతల్లేకుండా మెరుస్తూ కనిపిస్తే మాత్రం మా వంద రూపాయలు వృథా అయినట్టే లెక్క.